అడ్వైస్ ఎక్కడ, అడ్వైజ్ ఎక్కడ

నాన్నా,

నీ ఉద్యోగం దరఖాస్తు చదివాను. విషయం బాగుంది, కానీ అడ్వైస్ ఉండాల్సిన చోట అడ్వైజ్, అడ్వైజ్ ఉండాల్సిన చోట అడ్వైస్ పడ్డాయి. ఎర్రగీత రాలేదు కదా అనుకుని ఉంటావు. రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే, అందుకే స్పెల్ చెకర్ చాలాసార్లు ఊరుకుంటుంది, దాన్ని నమ్ముకోకు.

చివర సీ, ఈ వస్తే నామవాచకం, అంటే సలహా. ఎస్, ఈ వస్తే క్రియ, అంటే సలహా ఇవ్వడం. మొదటిదాని స్పెల్లింగ్ చివర ఐస్ ఉంది, పలకడమూ అలాగే. రెండోది 'జ్'తో ఆగుతుంది. మనం మాట్లాడేటప్పుడు రెండింటినీ అడ్వైజ్ అనేస్తాం, ఆ అలవాటే రాతలోకి వచ్చేస్తుంది.

అసలు చిక్కు మన తెలుగు వాక్యంలో ఉంది. మనకి సలహా పక్కన 'ఇవ్వు' చేరితేనే క్రియ అవుతుంది, అదే ఊపులో 'గివ్ మీ అడ్వైజ్' అని రాసేస్తాం. అడ్వైజ్‌లో ఇవ్వడం ముందే ఉంది, మళ్లీ గివ్ ఎందుకు? గివ్, టేక్, ఆస్క్ ఫర్ అని రాశావంటే తర్వాత సీ ఉన్నదే రావాలి. విల్, షుడ్, ప్లీజ్ తర్వాత ఎస్ ఉన్నది. 'సలహా ఇచ్చారు' అన్నా ఎస్సే, సీతో అడ్వైస్డ్ అనే మాటే లేదు. ఇంకోటి, సలహాలు అంటాం కదా అని అడ్వైసెస్ అని రాశావు, మామూలు ఇంగ్లిష్‌లో దీనికి బహువచనం వాడరు, ముందు 'ఒక' అనే అర్థమిచ్చే 'యాన్' కూడా పెట్టరు. సమ్ అడ్వైస్ అను, ఒక్కటే అని చెప్పాలంటే ఎ పీస్ ఆఫ్ అడ్వైస్ అను.

డివైస్, డివైజ్ కూడా ఇంతే. ప్రాక్టీస్ దగ్గర మాత్రం చెవి సాయం చెయ్యదు, రెండు స్పెల్లింగులకీ ఒకటే పలుకు. బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి సీ, క్రియకి ఎస్. అమెరికన్లు రెండింటికీ సీయే రాస్తారు. లైసెన్స్‌కి వచ్చేసరికి వాళ్లు రెండింటికీ ఎస్ పెడతారు, బ్రిటిష్ వాళ్లు అక్కడా విడదీస్తారు. దీని గురించి టెన్షన్ పడకు, నువ్వు పంపే కంపెనీ వెబ్‌సైట్ ఏ పద్ధతిలో ఉందో చూసి అదే పాటించు. అడ్వైస్, అడ్వైజ్‌లకి ఆ వెసులుబాటు లేదు, ఎక్కడైనా ఒకటే రూలు.

సరిచేసి ఇవాళే నాకు పంపు, కంపెనీకి వెళ్లేలోపు ఇంకోసారి చూస్తాను.

మీ పెద్దమ్మ