సముద్రం దాటిన సుమో గోదా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో 2025 అక్టోబరు 15 నుంచి 19 దాకా అయిదు రోజులు సుమో ప్రదర్శన పోటీలు జరిగాయి. వాటిని ఫోన్లలో చూసినవాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు రాశారు. ఎక్కువమంది అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

లండన్‌లో హోషోర్యూ అయిదుకు అయిదూ గెలిచి, ఆఖరి రోజు ఓనోసాతోను కూడా ఓడించాడు. మరి ఆ తరవాత వచ్చిన మల్లుల స్థానాల జాబితాలో అతని హోదా పెరగలేదేం? (నరసన్నపేట)

హోదా పెరగాలంటే పైన ఇంకో మెట్టు ఉండాలి. హోషోర్యూ యొకోజునా, అంటే అన్నిటికన్నా పై హోదాలో ఉన్న మల్లుడు. ఓనోసాతోదీ అదే హోదా. అయితే వేరే మల్లుడు గెలిచినా లండన్ గెలుపు లెక్కలోకి వచ్చేది కాదు. స్థానాలు నిర్ణయించేది జపాన్‌లో ఏడాదికి ఆరుసార్లు జరిగే అసలు పోటీలు. జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో టోక్యోలోనూ, మార్చిలో ఒసాకాలోనూ, జులైలో నగోయాలోనూ, నవంబరులో ఫుకువోకాలోనూ జరుగుతాయి. ఒక్కో పోటీ 15 రోజులు, పై తరగతుల మల్లుడికి రోజుకో కుస్తీ. మామూలుగా 8 గెలిస్తే స్థానం మెరుగుపడుతుంది, 8 ఓడితే దిగజారుతుంది. లండన్, పారిస్, లాస్ వేగస్‌ల్లో జరిగినవన్నీ ఈ లెక్కకు బయటివే.

అలాగని ఆ గెలుపు విలువ లేనిదని మేం అనం. 1991 అక్టోబరులో ఇదే హాల్లో తొలిసారి అయిదు రోజుల పోటీ పెట్టినప్పుడు యొకోజునా హొకుతొఉమి గెలిచాడు. 2005 అక్టోబరులో లాస్ వేగస్‌లో గెలిచిన అసాషోర్యూ ఈ హోషోర్యూకి స్వయానా చిన్నాన్న. ఇద్దరిదీ మంగోలియా. చిన్నాన్న గెలిచిన ఇరవై ఏళ్ళకు కొడుకు వరసవాడు కూడా దేశం బయట గెలవడం మాకెంతో ముచ్చటగా అనిపించింది.

లెక్కలోకి రాదంటే ఉత్తుత్తి ఆటేనా? నిజంగా పట్టు పడతారా? (బొబ్బిలి)

పడతారు. కానీ అసలు పోటీల్లో ఉండే తెగింపు ఇక్కడ ఉండదు. నెల తిరగకుండా ఫుకువోకాలో 15 రోజులు దిగాల్సినవాడు లండన్‌లో మోకాలు పోగొట్టుకోవాలనుకోడు. అందుకే ఇద్దరూ లేచి ఢీకొనే తొలి క్షణం, అంటే తచిఆయ్, కాస్త మెత్తగా ఉంటుంది. అంచు దగ్గర ఓటమి ఖాయమనిపిస్తే మెలిక తిరిగి పడకుండా నిదానంగా బయటికి అడుగేస్తారు. ఇది మోసం కాదు, వాళ్ళ వృత్తి అడిగే జాగ్రత్త.

కొత్తగా చూసేవాళ్ళకు దీనివల్ల ఒక మేలుంది. అసలు పోటీల్లో చాలా కుస్తీలు పది సెకన్లు కూడా నిలవవు, ఏం జరిగిందో కన్ను పట్టుకునేలోపే అయిపోతాయి. ప్రదర్శనలో ఇద్దరూ నడికట్టు దొరకబుచ్చుకుని ఆగుతారు కాబట్టి పట్టు చూసే తీరిక దొరుకుతుంది. మీరు ముఖాల వైపు చూడకండి. ముందు చేతులు చూడండి. ఎవరి చేయి ఎదుటివాడి చంక కిందుగా లోపలికి పోయింది? ఎవరిది పైనుంచి పట్టింది? రెండు చేతులూ లోపలికి పెట్టగలిగినవాడికి మోరోజాషి దొరికిందంటారు, సగం కుస్తీ గెలిచినట్టే. ఆ తరవాత పాదాలు చూడండి. బాగా నేర్చినవాడు కాలు ఎత్తి వెయ్యడు, అరికాలు మట్టిని రాసుకుంటూ జరుపుతాడు. మడమ లేచిందంటే వెనక్కి పోయే వేళ అయిందని గుర్తు.

గెలుపు పద్ధతులకు అధికారికంగా 82 పేర్లున్నాయి. మొదట్లో నాలుగు తెలిస్తే చాలు. రొమ్ముకు రొమ్ము ఆన్చి, నడికట్టు పట్టి బయటికి నడిపిస్తే యొరికిరి. పట్టు లేకుండా అరచేతులతో తోసేస్తే ఒషిదాషి. మీదికి వచ్చేవాణ్ణి తప్పుకుని మెడ మీదో వీపు మీదో చరిచి బోర్లా పడేస్తే హతకికొమి. పైనుంచి పట్టిన చేత్తో విసిరేస్తే ఉవాతెనాగె. రోజూ చూసే కుస్తీల్లో పెద్ద భాగం మొదటి రెండే.

ప్రదర్శనల్లో అసలు పోటీలకు రాని ముచ్చట ఒకటుంది. షొక్కిరి అని ఇద్దరు మల్లులు హాస్యంగా చేయకూడనివన్నీ చేసి చూపిస్తారు: జుట్టు పట్టి లాగడం, పిడికిలితో గుద్దడం, పొట్ట మీద తన్నడం. తోలుబొమ్మలాటలో కేతిగాడు వచ్చినంత సందడిగా ఉంటుంది. నవ్వుకుంటూనే నిషేధాలన్నీ తెలిసిపోతాయి. దాన్ని మాత్రం వదలకండి.

కుస్తీ పది సెకన్లు, ఉప్పు చల్లుకోవడం నాలుగు నిమిషాలు. ఎందుకింత సాగదీత? (రాజాం)

ఆ నాలుగు నిమిషాలు నిబంధనలో ఉన్నవే. పై తరగతి మకుఉచికి 4 నిమిషాలు, దాని కింది జూర్యోకు 3, ఆ కింద 2. 1928లో రేడియో ప్రసారాలు మొదలయ్యేదాకా అసలు హద్దే లేదు, ఇద్దరికీ మనసు కుదిరినప్పుడు లేచేవారు. ఉప్పు గోదాను శుద్ధి చేయడానికి. దోసెడు నీళ్ళు అందుకోవడం కూడా శుద్ధి కోసమే. ఆ నీళ్ళు తన వైపున ముందు కుస్తీలో గెలిచినవాడు గానీ, తరవాతి వంతు కోసం కూర్చున్నవాడు గానీ అందిస్తాడు, ఓడినవాడి చేతి నీళ్ళు తీసుకోరు. గడువు ముగిశాక తువ్వాలుతో చంకలు, మొహం గట్టిగా తుడుచుకుని చివరిసారి ఉప్పు తీసుకుంటారు. ఇక ఈసారి లేస్తారని మీకు తెలిసేది అప్పుడే.

ఎవరి కాలు ముందు బయటపడిందో అంత వేగంలో ఎలా తేలుస్తారు? (చీపురుపల్లి)

వలయానికి బయట జానెడు కన్నా కాస్త వెడల్పుగా, అంటే 25 సెంటీమీటర్ల మేర సన్నటి ఇసుక పరిచి, చీపురుతో ఊడ్చి ఉంచుతారు. దాన్ని పాము కన్ను అంటారు. మడమ తాకితే గుర్తు పడుతుంది. చుట్టూ కూర్చున్న అయిదుగురు న్యాయనిర్ణేతల్లో ఎవరికి అనుమానం వచ్చినా చెయ్యెత్తి గోదా ఎక్కుతారు, అందరూ కలిసి మాట్లాడుకుంటారు. గ్యోజి, అంటే రిఫరీ, చెప్పిన తీర్పు మారవచ్చు, లేదా మళ్ళీ కుస్తీ పెట్టవచ్చు. ప్రతి కుస్తీకి ముందు ఆ ఇసుక ఎందుకు ఊడుస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మన టైముకు ఎప్పుడు చూడాలి? (ఆమదాలవలస)

లండన్‌లో అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా వేసవి సమయం నడుస్తుంది, మనకన్నా 4 గంటల 30 నిమిషాలు వెనక. అక్కడ సాయంత్రం 7 అంటే ఇక్కడ రాత్రి 11.30. పారిస్ వేసవిలో 3 గంటల 30 నిమిషాలు వెనక. అక్కడ 2026 జూన్ 13, 14 తేదీలకు ప్రదర్శన ప్రకటించారు, సాయంత్రం 7 అయితే మనకు 10.30.

జపాన్ పోటీలకైతే నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. టోక్యో మనకన్నా 3 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. పై తరగతి కుస్తీలు అక్కడ సాయంత్రం నాలుగు దాటాక మొదలై ఆరింటికి ముగుస్తాయి, మనకు మధ్యాహ్నం 12.40 ప్రాంతం నుంచి 2.30 దాకా. ఆఖరి రోజు అరగంట ముందే ముగుస్తుంది. వీలు కాకపోతే ఎన్‌హెచ్‌కే వరల్డ్‌లో రోజువారీ ముఖ్య ఘట్టాల కార్యక్రమం ఉచితంగా దొరుకుతుంది. చూసేటప్పుడు ఒక కాగితం మీద మల్లుల పేర్లు నిలువుగా, తేదీలు అడ్డంగా గీసుకుని గెలుపుకు తెల్ల సున్నా, ఓటమికి నల్ల సున్నా పెట్టండి. జపాన్‌లోనూ అలాగే రాస్తారు. పేర్లు నోరు తిరక్కపోతే నడికట్టు రంగు పక్కన రాసుకోండి. మూడో రోజుకల్లా అందరూ గుర్తొచ్చేస్తారు.

సంక్రాంతికి మా యువజన సంఘం తరఫున సుమో గోదా కట్టి పిల్లలతో సరదా పోటీలు పెడదామనుకుంటున్నాం. ఎలా కట్టాలి? (గజపతినగరం)

మంచి ఆలోచన. ముందుగా ఒక్క మాట: ఎత్తు దిమ్మె కట్టకండి. జపాన్‌లో 34 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున కడతారు, అక్కడి నుంచి కిందపడి ఆరితేరినవాళ్ళే గాయపడుతుంటారు. మీరు నేలమట్టంగా చేయండి.

20 అడుగుల చదరం తీసుకుని జానెడు లోతున తవ్వి, గడ్డలు చితక్కొట్టి, రాళ్ళు, పెంకులు, గాజుముక్కలు ఏరెయ్యండి. మన కుస్తీ గోదాలో మట్టి మెత్తగా, గుల్లగా ఉంచుతాం, వీపు ఆనాలి కాబట్టి. సుమోలో అరికాలు తప్ప ఏది నేలకు తాకినా ఓటమే. కాలు జరగడానికి గట్టి నేల కావాలి. ఎర్రమట్టిలో చెరువు మట్టి కలిపి పిడికిట పట్టి చూడండి. పిడికిలి విప్పినా ముద్ద నిలవాలి, రొమ్ము ఎత్తునుంచి వదిలితే పగలాలి. ఇసుక ఎక్కువైతే నేల రాలుతుంది, చర్మం గీసుకుపోతుంది. బంకమట్టి ఎక్కువైతే ఎండలో బీటలు వారుతుంది.

నీళ్ళు చిలకరించి ఒక రాత్రి నాననిచ్చి, మూడు వేళ్ళ మందం పొరలుగా పరిచి, ఒక్కో పొరనూ దిమ్మిసతో కొట్టండి. మట్టి దిమ్మిసకు అంటుకుంటే తడి ఎక్కువైనట్టు, దుమ్ము లేస్తే తక్కువైనట్టు. పెద్ద గోదా వ్యాసం 4.55 మీటర్లు, మన లెక్కలో 15 అడుగులకు ఓ అంగుళం తక్కువ. నడుమ మేకు కొట్టి ఏడున్నర అడుగుల తాడుతో వలయం గీస్తే సరి.

వలయం చుట్టూ పెట్టేవి గడ్డి మూటలు. జపాన్‌లో బియ్యం నింపే గడ్డి మూట పేరే వీటికీ ఉంది. ధాన్యం పురి కట్టడానికి పేనే వెంటి మీ ఊళ్ళో పెద్దవాళ్ళకు ఇంకా చేతనవుతుంది, ఆ పని వాళ్ళకే అప్పజెప్పండి. గోనెగుడ్డ గొట్టాల్లా కుట్టి, మట్టీ ఇసుకా కూరి, పైన వెంటి బిగించి చుట్టాలి. ఆరంగుళాల మందం, 28 అంగుళాల పొడవున 20 కావాలి. కందకం తీసి పదింట ఆరు వంతులు పాతి నాలుగు వంతులు పైకి ఉంచండి. తక్కువ పాతితే తన్నుకు లేచిపోతాయి, కాలి వేళ్ళు విరుగుతాయి. అక్కడ పనివాళ్ళు మూటల పక్కలను ఖాళీ బీరు సీసాతో తట్టి తట్టి ఒరుపు తెస్తారు. గుండ్రటి గాజు తడి మట్టికి అతుక్కోదు, అంచు నునుపుగా వస్తుంది. నాలుగు దిక్కులా ఒక్కో మూటను దాని మందమంత వెనక్కి జరపాలి. ఆరుబయట ఆడే రోజుల్లో వాన నీరు పోవడానికి పెట్టిన దారులివి. అక్కడ కాలు ఆనినవాడికి కాస్త చోటు కలిసొస్తుంది.

వలయం మధ్యలో 28 అంగుళాల ఎడంతో రెండు తెల్ల గీతలు, ఒక్కొక్కటి మూడడుగులు. సున్నం వద్దు, చేతులు ఆనించి లేచే చోటది, కళ్ళలో పడుతుంది. బియ్యప్పిండి చాలు. వలయం బయట అంతటా అడుగు మందం వరిగడ్డి వదులుగా పరవండి. రాత్రిళ్ళు తడి గోనెలు కప్పకపోతే పొద్దుటికి గోదా మీద వెంట్రుకవాసి బీటలు కనిపిస్తాయి, మధ్యాహ్నానికి వేలు పట్టేంత అవుతాయి.

జపాన్‌లో పోటీ ముందురోజు గోదా నడుమ గుంటలో కడిగిన బియ్యం, ఉప్పు, సముద్రపు నాచు, ఎండు స్క్విడ్, చెస్ట్‌నట్, కాయా అనే చెట్టు గింజలు పెట్టి పూడుస్తారు. మన శంకుస్థాపనలో నవధాన్యాలు వేసినట్టే.

పిల్లల బరువుల తేడా 5 కిలోలు దాటనివ్వకండి. తలతో ఢీకొట్టనివ్వకండి, నడికట్లు పట్టించాకే విజిల్ ఊదండి. మెడ మీద చరిచి పడేయడం పూర్తిగా నిషేధించండి. నిక్కరు మీద మందపాటి కేన్వాస్ గుడ్డను నాలుగు మడతలు వేసి నడుముకు చుట్టాలి. పల్చటి పంచె అయితే వేళ్ళు చిక్కుకుని మెలిపడతాయి.

కోడి రామమూర్తి గారు సుమోలో దిగితే గెలిచేవారా? (విజయనగరం)

ఆయన పేరు తలచుకోవడమే మాకు సంతోషం. గొలుసులు తెంచడం, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకోవడం ఆయన విద్య. సుమోకు కావలసింది వేరు: బరువును మోకాళ్ళకు దించి నేలబారుగా కదలడం. బలం ఒక్కటే చాలని అనుకుంటే పొరపాటు.

మా అబ్బాయికి పదహారేళ్ళు, కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ చేస్తాడు. జపాన్ వెళ్ళి సుమోలో చేరవచ్చా? (నెల్లిమర్ల)

దారి చాలా ఇరుకు. అక్కడ మల్లులంతా శాలల్లో ఉండి నేర్చుకోవాలి, ఒక శాలకు ఒక్క విదేశీయుణ్ణే తీసుకుంటారు. ఆ ఒక్కడు ఉన్నంతకాలం ఖాళీ రాదు. చేరే వయసు 23 లోపు. ఔత్సాహికుల పోటీల్లో మంచి పేరున్నవారికే 25 దాకా సడలింపు. వృత్తి సుమోలో బరువు తరగతులుండవు. ఔత్సాహికుల సుమోలో ఉంటాయి, అబ్బాయి మొదలుపెట్టవలసింది అక్కడే. బరువులెత్తేవాడికి తొడ బలం ముందే ఉంటుంది. లేనిది తుంటి సాగుడు. రెండు కాళ్ళూ వీలైనంత ఎడంగా చాపి కూర్చుని ముందుకు వంగి రొమ్ము నేలకు ఆన్చడం అక్కడ చేరిన కొత్తవాళ్ళందరికీ నేర్పుతారు. రోజూ పది నిమిషాలు, నొప్పి పుట్టకుండా, ఎవరూ వీపు మీద నొక్కకుండా చేయించండి. నెలలు పడుతుంది. అప్పటిదాకా ఎత్తే బరువులు మానిపించకండి.