చెన్నైలో ఒక్క పాత చర్చి చూడాలంటే: కోటలోని సెయింట్ మేరీస్

చెన్నైలో ఒక పూట తీరిక ఉందనీ, చరిత్రతో పాటు చూడదగ్గ శిల్పాలు, చిత్రాలు ఉన్న పాత చర్చి ఒక్కటి చెప్పమనీ అడిగారు. శాంతోమ్, లజ్ చర్చిల పేర్లు ఎలాగూ అందరూ చెబుతారు. నేను మాత్రం సెయింట్ జార్జ్ కోటలో ఉన్న సెయింట్ మేరీస్‌కి వెళ్లమంటాను. చాలా ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. మావాళ్లు ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను.

గవర్నర్ స్ట్రేన్షామ్ మాస్టర్ పూనుకుంటే కోటలోని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు చందాలు వేసుకుని కట్టుకున్న చర్చి ఇది. 1678 మార్చి 25న, మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగ రోజున పని మొదలైంది, అందుకే ఆ పేరు. 1680 అక్టోబరులో ప్రతిష్ఠ జరిగింది. సూయజ్‌కు తూర్పున ఉన్న ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి శాఖకు చెందిన) చర్చిల్లో ఇదే పాతదంటారు. లోపలికెళ్లగానే తలెత్తి కప్పు చూడండి. దూలాలు కనపడవు. ఫిరంగి గుళ్లు పడినా తట్టుకోవాలని కమానులా వంచి, బాగా మందంగా కట్టారు. రాబర్ట్ క్లైవ్ పెళ్లి 1753లో ఇక్కడే జరిగింది. గైడ్లు ఎక్కువగా చెప్పేది అదే, నాకైతే అది పెద్ద విషయం అనిపించదు.

నన్ను ఎప్పుడూ ఆపేసేవి బయట నేల మీద పరిచిన సమాధి రాళ్లు. అసలు సమాధులు ఇక్కడివి కావు. పాత శ్మశానం ఇప్పుడు లా కాలేజీ ఉన్న చోట ఉండేది. 1758-59లో ఫ్రెంచివాళ్లు కోటను ముట్టడించినప్పుడు ఆ సమాధుల చాటునే నక్కి కాల్పులు జరిపారు. ఇంకోసారి అలా జరగకూడదని ఇంగ్లీషువాళ్లు వాటిని పడగొట్టి, రాళ్లు తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. ఇంగ్లీషుతో పాటు లాటిన్, పోర్చుగీసు, ఆర్మేనియన్ రాతలు కూడా ఉన్నాయి. 1652లో చనిపోయిన ఎలిజబెత్ బేకర్ రాయి తప్పకుండా వెతికి చూడండి. పొద్దున్నే వెళ్తే ఏటవాలు ఎండలో అక్షరాలు బాగా తేలతాయి. మధ్యాహ్నం కాళ్లు కాలతాయి, అక్షరాలూ కనపడవు.

లోపల బాప్టిజం తొట్టి చెన్నై పక్కనున్న పల్లావరం నల్లరాయితో చేసిందని చెబుతారు. కలకత్తా చరిత్రలో పేరున్న జాబ్ చార్నాక్ ముగ్గురు కూతుళ్లకు 1689లో ఈ చర్చిలోనే బాప్టిజం ఇచ్చారు. కలకత్తాలో ఆయన సమాధి రాయి కూడా మద్రాసు వైపు నల్లరాయే. భూగర్భశాస్త్రంలో ఆ రకం రాయికి చార్నొకైట్ అని పేరొచ్చింది ఆ సమాధి వల్లే. బలిపీఠం మీది చివరి విందు చిత్రం 1761లో ఫ్రెంచివాళ్ల పాండిచ్చేరి ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కాక అక్కడి నుంచి తెచ్చిందని చెప్పుకుంటారు. చిత్రకారుడు ఎవరో తెలియదు. పాలరాతి పనిలో మాత్రం జాన్ బేకన్ చెక్కిన ష్వార్జ్ స్మారకం దగ్గర కాసేపు నిలబడండి. తంజావూరులో పేరు తెచ్చుకున్న ఆ మిషనరీ చివరి ఘడియలను బేకన్ పాలరాతిలో చూపించాడు. మంచి పనితనం. కంపెనీ అధికారి జోసయా వెబ్ స్మారకం మరో శిల్పి ఫ్లాక్స్‌మన్‌ది.

ఇక మన తెలుగువాళ్లు వెతకాల్సింది సర్ థామస్ మన్రో సమాధి. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల (ఇప్పటి రాయలసీమ వైపు) కలెక్టరు, రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని నిలబెట్టినవాడు. మా అనంతపురం వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ మన్రో దొర అని ఆప్యాయంగా చెప్పుకుంటారు. గవర్నరుగా ఉండి మళ్లీ మన సీమకు పర్యటనకు వచ్చి, 1827 జూలైలో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ముందు గుత్తిలో పూడ్చి, తర్వాత 1831లో ఇక్కడికి తెచ్చారు. గుత్తి కోట చూసిన నాకు ఆ పేరు ఇక్కడి రాతి మీద చదివితే మనసు కదిలింది. ఇంతమంది తెలుగువాళ్లున్న ఊళ్లో ఈ సంగతి ఇంకా చాలామందికి తెలియాలని నా కోరిక.

కోటలో సచివాలయం ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, ఆధార్ పెట్టుకోండి. కోట మ్యూజియం కూడా చూడాలనుంటే శుక్రవారం వద్దు, ఆ రోజు మూసి ఉంటుంది.