నాలుగు గుంటలు కొలిచి అడవంతా చెప్పకండి

వర్షారణ్యాన్ని కంప్యూటర్‌లో మోడల్ చేసేటప్పుడు ఎంత ముక్కను యూనిట్‌గా తీసుకోవాలి, అది మారితే ఫలితం ఎందుకు మారుతుంది అని అడిగారు. నా మాట ఒక్కటే: హెక్టారు కంటే చిన్న ప్లాటు కొలిచి అడవి బరువు, అంటే అందులోని చెట్లన్నిటి బరువు, చెప్పేవాళ్లను నమ్మకండి.

మాది మహబూబ్‌నగర్. ఎమ్మెస్సీ బాటనీ అయ్యాక పశ్చిమ కనుమల్లో చెట్లు కొలిచే పని దొరికింది. వెళ్లే ముందు ప్రాక్టీసు చేద్దామని మా తమ్ముణ్ని తీసుకుని పిల్లలమర్రికి పోయాను. 2018లో చెదలు పట్టి సెలైన్ సీసాలతో మందు ఎక్కించారే, ఆ చెట్టే. ఇది అంతకు చాలా ముందు, లోపలికి పోనిచ్చే రోజుల్లో. ఇరవై మీటర్ల తాడుతో నలుచదరం పరిచాం. అంటే దాదాపు నాలుగు గుంటలు. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి నేను కొలత చెబుతుంటే, తమ్ముడు సుద్దముక్కతో నంబర్లు వేస్తున్నాడు. 23వ నంబరు దగ్గర అక్కడ ఊడ్చే పెద్దమ్మ చీపురు ఆపి, "ఏం లెక్కవెడుతున్నరు బిడ్డా? ఒక్కటే చెట్టు గదా అది" అంది.

అవన్నీ ఊడలని నాకూ తెలుసు. కానీ నా కాగితానికి తెలియదు. మూడెకరాల మేర పరుచుకున్న ఒకే ఒక మర్రి, మా తాడు లోపల మాత్రం చిక్కటి అడవి.

కనుమల్లోకి పోయాక దీనికి పూర్తిగా తలకిందులైంది. ఒక చదరంలో ఎంత పెద్ద చెట్టంటే, మొదలు దగ్గర గోడల్లా లేచిన వేళ్లు దాటి పైన కొలవడానికి నిచ్చెన వేశాం. ఆనుకుని ఉన్న చదరంలో ఓ పాత చెట్టు కూలి ఆకాశం కనిపిస్తోంది, మోకాలెత్తు మొలకలు తప్ప ఏమీ లేవు. హెక్టారు లెక్క రావాలంటే చదరాన్ని 25తో హెచ్చించాలి. అట్లా హెచ్చిస్తే ఆ ఒక్క చెట్టు 25 అయింది. పక్కన సున్నా సున్నాగానే ఉండిపోయింది. పైగా పది రెట్లు లావున్న చెట్టు బరువు పది రెట్లు కాదు, వందల రెట్లు ఉంటుంది. అందుకే తాడు పది అడుగులు అటు జరిగితే మొత్తం లెక్కే మారిపోతుంది. 25 చదరాలూ కలిపి చూస్తేనే పెద్ద చెట్లూ ఖాళీలూ సర్దుకుంటాయి.

అలాగని కిలోమీటరు పొడవూ వెడల్పూ ఉన్న గడిని ఒకే ముక్కగా తీసుకుంటే ఆ ఖాళీలే మాయమవుతాయి. కొత్త చెట్లు పైకి లేచేది అక్కడే కాబట్టి, అడవి ఎలా ఎదుగుతుందో చెప్పే మోడల్‌కు ఒక పెద్ద చెట్టు నీడంత ముక్క కావాలి. పనామాలో బారో కొలరాడో ద్వీపంలో 50 హెక్టార్లు గుర్తించి, 1980ల మొదటి నుంచి సెంటీమీటరు లావు దాటిన ప్రతి కాండాన్నీ కొలుస్తున్నారు. అక్కడా ఇరవై మీటర్ల చదరాలే, 1,250 ఉన్నాయి. ఒక్కటి చూడొచ్చు, వంద కలిపీ చూడొచ్చు. అంతరిక్ష కేంద్రం నుంచి లేజర్‌తో కొలిచే గెడి అనే పరికరం ఒక్కోసారి చూసేది 25 మీటర్ల వ్యాసమున్న వృత్తాన్ని. అందులో చెట్టు కొమ్మలు పడి, కాండం బయట ఉండిపోతే ఆ బరువు ఎవరి ఖాతాలో వేస్తారు?

మన దేశంలో ఇంకో బాధ ఉంది. హెక్టారు దాటిన నేల మీద చెట్ల కప్పు పది శాతం మించితే సర్కారు లెక్కలో అది అడవి కప్పే (ఫారెస్ట్ కవర్), తోటైనా సరే. అంటే కొల్లాపూర్‌లో మా మేనమామ మామిడి తోటా, అమ్రాబాద్ అడవీ ఒకే పద్దులో చేరతాయి. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

మీరే కొలవబోతుంటే ఒక్కో చెట్టు ప్లాటులో ఎక్కడుందో, రెండు పక్కల నుంచీ దూరం తప్పకుండా రాసుకోండి. అప్పుడు ఎంత ముక్క కావాలంటే అంతకు లెక్క తిరిగి కట్టుకోవచ్చు. మేం చదరానికి మొత్తం మాత్రమే రాశాం. ఆ పుస్తకాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి, ఇరవై మీటర్ల కంటే లోపలికి వాటితో పోలేను.