యాక్సిడెంట్‌లో తప్పెవరిదో పోలీసులు ఎలా తేలుస్తారు? అక్కడున్నవాళ్ళు చెప్పిందే రాసేసుకుంటారా?

అక్కడున్నవాళ్ళ మాట మీదే అంతా తేలిపోతుంది అనుకుంటే మాత్రం పొరపాటే. మా బావ కేసులో కళ్ళారా చూశాను కాబట్టి చెప్తున్నా. రాత్రిపూట బైక్ మీద వస్తుంటే ఎదురుగా వచ్చిన కారు అడ్డంగా తిప్పి గుద్దేసింది. కారాయనది ఒకటే పాట, బైక్‌కి లైటే లేదు, చీకట్లో ఎలా కనపడుతుంది అని. చుట్టూ మూగినవాళ్ళు కూడా అవునవును అన్నారు, అందులో సగం మంది చప్పుడయ్యాకే తలతిప్పి చూసినవాళ్ళు! మా బావేమో మాట్లాడే స్థితిలో లేడు.

దర్యాప్తుకొచ్చిన ఆఫీసర్ ఎవరితోనూ వాదించలేదు. పగిలిన హెడ్‌లైట్ లోంచి బల్బు జాగ్రత్తగా తీయించి భూతద్దం పెట్టి చూశారు, మాక్కూడా చూపించారు. లోపల సన్నటి ఫిలమెంట్ చుట్టలు సాగిపోయి వంకర తిరిగున్నాయి, దాని చుట్టూ పసుపూ తెలుపూ కలిసిన పొడి. లైటు వెలుగుతున్నప్పుడు ఆ తీగ కాలి మెత్తబడి ఉంటుంది కాబట్టి గుద్దిన దెబ్బకి సాగుతుంది, గాజు పగిలి గాలి తగిలితే మాడి ఆ పొడి వస్తుంది. ఆపేసి ఉంటే పుటుక్కున తెగుతుంది, తీగ మెరుస్తూనే ఉంటుంది. అంతే, లైటు లేదన్న మాట అక్కడితో పోయింది. ఇప్పుడొచ్చే ఎల్ఈడీ లైట్లలో ఫిలమెంటే ఉండదు, ఈ సాక్ష్యం పోయినట్టే, నాకైతే అది పెద్ద నష్టం.

స్పీడు కూడా అంతే, చూసినవాడు వందలో వచ్చాడంటాడు, రోడ్డు వేరే చెప్తుంది. పొడి తారురోడ్డు మీద చక్రాలు బిగుసుకుపోయి 20 మీటర్లు గీసుకుంటూ వచ్చి ఆగిందంటే సుమారు 60 కిలోమీటర్ల వేగం, ఆగకుండా గుద్దేసిందంటే అంతకన్నా ఎక్కువే. ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి ఆ గీతలు సరిగ్గా పడవు, అది వేరే తలనొప్పి. ఇనుము గీరి రోడ్డుకి గుంట పడిన చోటు చూస్తే ఎవరు ఎవరి లైన్లోకి వచ్చారో కూడా దాదాపు తెలిసిపోతుంది. అందుకే జనం సాయం పేరుతో గాజుముక్కలు ఊడ్చేసి బండ్లు పక్కకి లాగేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మనుషుల్ని వెంటనే తీయండి, బండ్లు తప్పక జరపాల్సొస్తే ముందు ఫోన్లో నాలుగు వైపులా ఫోటోలు తీసి చక్రాల చోట గీత గీయండి.

పెద్ద బండోడిదే తప్పు అని ముందే తేల్చేసే బ్యాచ్ ఇంకోటి! చాలా కొత్త కార్లలో గుద్దడానికి ముందు 5 సెకన్ల స్పీడు, బ్రేక్ తొక్కారా లేదా అన్నీ రికార్డవుతాయి. మీ కేసులో కారుంటే అది షెడ్డుకి వెళ్ళేలోపే ఆ డేటా తీశారా అని ఆఫీసర్‌ని అడగండి.