మొదటి తుపాకీగా .22 రివాల్వర్ మంచిదేనా? వాడినవాడి మాట

మొదటి చేతితుపాకీగా .22 రివాల్వర్ తీసుకుందామనుకుంటే ఒకరు బొమ్మ అంటున్నారు, ఇంకొకరు అంతకు మించింది లేదంటున్నారు, ఎవరి మాట నమ్మాలి అని అడిగారు. గురి నేర్చుకోవడానికైతే తీసుకోండి, సందేహించక్కర్లేదు. ఆత్మరక్షణ కూడా మనసులో ఉంటే మాత్రం .22 దగ్గరే ఆగిపోకుండా .32 వైపు కూడా ఒకసారి చూడండి. చిన్న కాలిబర్ (బుల్లెట్ వ్యాసం, ఇంచుమించుగా అంగుళాల్లో) రివాల్వర్ల మీద వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం బుల్లెట్ చిన్నదవడం కాదు, ఆ తూటాలో నిప్పు ఎక్కడ పుడుతుందన్నది. ఈ సంగతి విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లుగా టార్గెట్ షూటింగ్ చేస్తున్నాను. రేంజ్‌లో కొత్తవాళ్ళు కాలుస్తుంటే పక్కన నిలబడి చూసుకునే పని కూడా చేస్తుంటాను. నా దగ్గర ఆరంగుళాల బ్యారెల్ ఉన్న .22 స్టీల్ రివాల్వర్ ఒకటి, .32 ఇంకొకటి ఉన్నాయి. అరువు తీసుకుని కాల్చినవి వేరే.

పెద్ద కాలిబర్‌తో మొదలుపెట్టినవాళ్ళకి తుపాకీ పేలకముందే చెయ్యి ఉలిక్కిపడటం అలవాటైపోతుంది. ట్రిగ్గర్ కదులుతుండగానే మణికట్టు బిగుసుకుంటుంది, తుపాకీ మూతి కిందికి దిగుతుంది, బుల్లెట్ టార్గెట్ అడుగున తగులుతుంది. ఆ కదలికను పేలుడూ ఎదురుతన్నూ కప్పేస్తాయి కాబట్టి కాల్చినవాళ్ళకి అది తెలియదు. సైట్లు సరిగ్గా లేవంటారు. .38 స్పెషల్‌లో మామూలుగా వాడే బుల్లెట్ బరువు సుమారు 10 గ్రాములు, .22 లాంగ్ రైఫిల్‌లో 2.6 గ్రాములు. కిలో బరువున్న స్టీల్ రివాల్వర్‌లో అంత చిన్నది పేలితే చేతికి తెలిసేది ఒక చిన్న కుదుపే. భయపడటానికి ఏమీ ఉండదు కాబట్టి చెడ్డ అలవాటు మొదలే కాదు. ఉన్న అలవాటు కూడా మెల్లగా వదులుతుంది.

దీనికి రివాల్వర్‌లో తేలిగ్గా కుదిరే పద్ధతి ఒకటుంది. సిలిండర్‌లో కొన్ని గదుల్లో తూటాలు, కొన్నింట్లో పేలిన తూటాల ఖాళీ కేసులు (లోహపు తొడుగులు) పెట్టి, తిప్పి మూసి కాల్చేవాళ్ళ చేతికిస్తాను. ఏది ఎప్పుడొస్తుందో వాళ్ళకి తెలియదు. హామర్ (తూటాని పేల్చే సుత్తి) ఖాళీ కేసు మీద పడినప్పుడు పేలుడు ఉండదు, మూతి మాత్రం ఠక్కున వంగుతుంది. పక్కన నిలబడి వందసార్లు చెప్పినా నమ్మనివాళ్ళు అది ఒక్కసారి చూస్తే నమ్ముతారు. ఆటోమేటిక్ పిస్టల్‌లోనూ డమ్మీ తూటాలతో ఇది చెయ్యొచ్చు, కానీ ప్రతి డమ్మీకీ స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగి దాన్ని బయటికి తియ్యాలి. రివాల్వర్‌లో ట్రిగ్గర్ మళ్ళీ నొక్కితే చాలు.

రెండో ఆకర్షణ, ఏ తూటా పెట్టినా పని చేయడం. ఆటోమేటిక్‌లో స్లైడ్‌ని వెనక్కి నెట్టడానికి తూటాకి కొంత బలం కావాలి. బలహీనమైన తూటా పడితే అక్కడే ఇరుక్కుంటుంది. రివాల్వర్ సిలిండర్‌ని తిప్పేది మీ వేలు. .22 లాంగ్ రైఫిల్ రివాల్వర్‌లో .22 షార్ట్, .22 లాంగ్ కూడా కాల్చొచ్చు, మెల్లగా వెళ్ళే సబ్‌సోనిక్ రకాలూ నడుస్తాయి. ఒక హెచ్చరిక: షార్ట్ తూటాలు ఎక్కువగా కాలిస్తే ఛాంబర్‌లో వాటి మూతి దగ్గర మసి ఉంగరంలా పేరుకుంటుంది. ఆ తర్వాత లాంగ్ రైఫిల్ తూటా పెడితే పూర్తిగా లోపలికి దిగదు. దాన్ని వేలితో గట్టిగా నొక్కి ఎక్కించే బదులు బ్రష్ పెట్టి తోమండి.

ఇక తూటాల ఖర్చు. సెంటర్‌ఫైర్ తూటాల (.38 లాంటివి, తేడా కింద చెప్తాను) కన్నా ఇవి బాగా చవక, కాబట్టి సాధన ఎక్కువవుతుంది. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కె-22, కె-32, కె-38 అని మూడు టార్గెట్ రివాల్వర్లను ఇంచుమించు ఒకే బరువులో, ఒకే చట్రం మీద తయారు చేసింది. చవకైన .22తో సాధన చేసిన చేతికి .38 పట్టుకున్నప్పుడు తేడా తెలియకూడదన్నది ఉద్దేశం. ఆ కె-22కే 1957లో మోడల్ 17 అని పేరొచ్చింది. పాతది మంచి స్థితిలో దొరికితే ఇప్పటికీ నేను ముందు దానివైపే చూస్తాను.

ఇప్పుడు అసలు లోపం సంగతి. .22 రిమ్‌ఫైర్ తూటా. దాని అడుగు అంచు (రిమ్) లోపల బోలుగా ఉంటుంది. ప్రైమర్ మందును (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించేది) తడిగా వేసి కేసును గిర్రున తిప్పితే అది ఆ అంచులోకి చేరుకుంటుంది. అంచు చుట్టూ ఎక్కడైనా పలచబడితే, ఫైరింగ్ పిన్ సరిగ్గా అక్కడే కొడితే, టిక్‌మని శబ్దం తప్ప ఇంకేమీ రాదు. అదే తూటాని కొంచెం తిప్పి పెడితే చాలాసార్లు పేలుతుంది. సెంటర్‌ఫైర్‌లో ప్రైమర్ మధ్యలో విడిగా కూర్చుంటుంది కాబట్టి ఈ బెడద చాలా తక్కువ. పేలనప్పుడు రివాల్వర్‌లో మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి తూటా వస్తుంది, అదే దాని గొప్ప అని అందరూ చెప్తారు. నిజమే. కానీ రేంజ్‌లో మాత్రం ఆ పని చేయకండి. ఒక్కోసారి నిప్పు ఆలస్యంగా అంటుకుంటుంది. ఈలోపు మీరు ట్రిగ్గర్ నొక్కి సిలిండర్‌ని తిప్పేశారంటే, ఆ తూటా బ్యారెల్‌కి ఎదురుగా లేనప్పుడు పేలుతుంది. మూతిని టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి, తర్వాతే సిలిండర్ తెరవండి. టిక్ కాకుండా ‘తుస్’మని నీరసంగా పేలితే అసలు ముందుకెళ్ళకండి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు. దించి, ఖాళీ చేసి, బ్యారెల్ లోపల చూశాకే మిగతాది.

ఈ రిమ్ వల్లే ఇంకో తలనొప్పి. అంచు రేకును నలిపి మందు అంటించాలంటే హామర్ గట్టిగా కొట్టాలి. గట్టిగా కొట్టాలంటే స్ప్రింగ్ బలంగా ఉండాలి. స్ప్రింగ్ బలంగా ఉంటే డబుల్ యాక్షన్‌లో, అంటే హామర్‌ని లేపడం, వదలడం రెండూ ట్రిగ్గరే చేసే పద్ధతిలో, ట్రిగ్గర్ బరువెక్కుతుంది. చిన్న .22 రివాల్వర్లలో ట్రిగ్గర్ లాగడానికి ఐదు కిలోల పైన బలం కావాల్సి రావడం మామూలే. అల్యూమినియం, పాలిమర్ చట్రంతో చేసిన బుల్లి రివాల్వర్ మొత్తం బరువు అర కిలో కూడా ఉండదు. తన బరువుకి పది రెట్లు బలం పెట్టి ట్రిగ్గర్ లాగుతుంటే ఆ తుపాకీ చేతిలో నిలకడగా ఎలా ఉంటుంది? చేతుల్లో బలం లేనివాళ్ళకి, కీళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ‘ఎదురుతన్ను ఉండదు’ అని ఇలాంటిదే కొనిపెడుతుంటారు. పేలాక వచ్చే బాధ నిజంగానే తప్పుతుంది, పేల్చడమే కష్టమవుతుంది. రెండు వేళ్లు పెట్టి ట్రిగ్గర్ లాగడానికి ప్రయత్నించినవాళ్ళని నేను చూశాను. హామర్ బయటికి ఉన్న మోడల్ అయితే బొటనవేలితో వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌లో కాల్చుకోవచ్చు, అప్పుడు ట్రిగ్గర్ హాయిగా ఉంటుంది. టార్గెట్‌కి అది సరిపోతుంది. స్ప్రింగ్ మార్పించి తేలిక చేసుకుందామనుకుంటే, టిక్‌మనే తూటాల సంఖ్య పెరుగుతుంది.

అందుకే .32 గురించి చెప్తున్నాను. .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ 1896 నాటిది. అదే కాలంలో థియోడర్ రూజ్‌వెల్ట్ న్యూయార్క్ పోలీసు కమిషనర్‌గా ఉండగా అక్కడి పోలీసులకి .32 కోల్ట్ రివాల్వర్లు ఇచ్చారు. ఇది సెంటర్‌ఫైర్. బుల్లెట్ ఆరు గ్రాముల పైచిలుకు, ఎదురుతన్ను మెత్తగా ఉంటుంది, గురి అద్భుతం. 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పోటీల్లో ఈ తూటాని, ముందు భాగం చదునుగా ఉండే వాడ్‌కటర్ బుల్లెట్‌తో, ఇప్పటికీ వాడతారు. కాగితం మీద పంచ్ చేసినట్టు గుండ్రటి రంధ్రం పడుతుంది, స్కోరు చూసుకోవడం తేలిక. తర్వాత 1984లో .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్, 2000ల చివర్లో .327 ఫెడరల్ మాగ్నమ్ వచ్చాయి. .327 రివాల్వర్‌లో చిన్న .32 రకాలు కూడా కాల్చొచ్చు, కాబట్టి సాధనకి మెత్తని తూటా, కావాలన్నప్పుడు బలమైనది. చిన్న చట్రంలో .38 అయితే ఐదు తూటాలే పట్టేచోట .32 ఆరు పడతాయి. లోపం ఒక్కటే, అది చిన్నదేమీ కాదు: తూటాలు .22 అంత సులువుగా, చవకగా దొరకవు. కేసులు దాచుకుని మళ్ళీ మందు నింపుకునే అలవాటూ, అనుమతీ ఉన్నవాళ్ళకే .32 పూర్తిగా కలిసొస్తుంది.

.22 మాగ్నమ్ నాకు అంతగా నచ్చలేదు. 1959లో వచ్చిన ఈ తూటా పొడుగు బ్యారెల్ రైఫిల్‌లో బాగుంటుంది. రెండంగుళాల బ్యారెల్ ఉన్న రివాల్వర్‌లో మందు సగం బయటే కాలి పెద్ద మెరుపూ చెవులు చిల్లులు పడే శబ్దమూ వస్తాయి, వేగం మాత్రం ఆశించినంత రాదు. పైగా ఇదీ రిమ్‌ఫైరే, పైన చెప్పిన బాధలన్నీ దీనికీ ఉన్నాయి. మాగ్నమ్ సిలిండర్‌లో మామూలు .22 లాంగ్ రైఫిల్ పెట్టకండి. లోపల వదులుగా ఉండి కేసు చీలుతుంది. రెండూ కాల్చాలనుంటే, రూగర్ సింగిల్-సిక్స్‌కి ఇచ్చినట్టు విడిగా రెండు సిలిండర్లు ఉన్న మోడల్ చూసుకోవాలి.

రివాల్వర్ ఏదైనా సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నని సందు ఉంటుంది. కొంత గ్యాస్ అందులోంచి పక్కకి పోతుంది, దానితో సీసం తునకలు కూడా. ఎడమచేతి వేళ్లు అక్కడికి రానివ్వకండి, పక్కన ఎవరినీ ఆనుకుని నిలబడనివ్వకండి. ఈ సందుని మూసినవాళ్ళూ లేకపోలేదు. 1895 నాటి రష్యన్ నాగాంట్, 7.62 మి.మీ., ఏడు తూటాలది, హామర్ లేస్తుండగా సిలిండర్‌ని ముందుకి తోసి బ్యారెల్‌కి అంటిస్తుంది. ఆ పనంతా ట్రిగ్గర్ వేలే చేయాలి కాబట్టి డబుల్ యాక్షన్‌లో దాన్ని లాగడం ఒక శిక్ష. అరువు తీసుకుని కాల్చి చూశాను, సింగిల్ యాక్షన్‌లో ముచ్చటగా ఉంది, ఇంకో పద్ధతిలో మళ్ళీ అడగలేదు.

శుభ్రత విషయానికొస్తే .22 మురికి తూటా. కాలని మందు రేణువులు ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం (ఖాళీ కేసులని బయటికి తోసే భాగం) కింద చేరితే సిలిండర్ బిగుసుకుంటుంది, ట్రిగ్గర్ మరీ బరువెక్కుతుంది. కొత్తవాళ్ళు తుపాకీ పాడైందనుకుంటారు. మూతి పైకెత్తి ఖాళీ కేసులు తోసెయ్యండి, రేణువులు కింద రాలిపోతాయి. అప్పుడప్పుడు టూత్‌బ్రష్‌తో నక్షత్రం కింద తోమితే చాలు. పది గదుల సిలిండర్ వినడానికి బాగుంటుంది కానీ అన్ని సన్నటి తూటాలు ఒక్కొక్కటిగా పెట్టడానికి ఓపిక కావాలి.

బొమ్మ అన్నవాళ్ళ మాటకి జవాబు రేంజ్ నిబంధనల్లోనే ఉంది. .22 బుల్లెట్ ఒకటిన్నర కిలోమీటరు దాటి వెళ్ళగలదు. మెత్తని సీసం బుల్లెట్ నీళ్ళ మీదా గట్టి నేల మీదా తగిలి ఎటో దూసుకుపోతుంది. శబ్దం చిన్నదనిపించినా 140 డెసిబెల్స్ దాటుతుంది, చెవులకి రక్షణ లేకుండా కాల్చకూడదు. ప్రైమర్‌లోనూ బుల్లెట్‌లోనూ సీసం ఉంటుంది, చేతులు కడగకుండా ఏమీ తినకండి. ఇంట్లో పెడితే ఖాళీ చేసి తాళం వేయండి, తూటాలు ఇంకోచోట. లైసెన్స్ సంగతి మీరున్నచోటి చట్టం ప్రకారం ముందే తేల్చుకోండి.

పాతది కొంటుంటే ఒకటి తప్పకుండా చూడండి. రిమ్‌ఫైర్‌ని ఖాళీగా కాలిస్తే ఫైరింగ్ పిన్ నేరుగా ఛాంబర్ అంచుని కొట్టే అవకాశం ఉంది. కొన్ని కొత్త మోడళ్లలో ఫర్వాలేదని తయారీదారులే మాన్యువల్‌లో రాస్తారు, పాతవాటిలో ఆ భరోసా లేదు. సిలిండర్ తెరిచి ప్రతి ఛాంబర్ అంచునీ వెలుతురులో పరిశీలించండి. అక్కడ చిన్న చిన్న గాట్లు కనిపిస్తే తూటాలు బిగుతుగా దిగుతాయి, ఖాళీ కేసులు సులువుగా ఊడవు. తర్వాత, అమ్మేవాళ్ళు ఒప్పుకుంటే, మీరు వాడబోయే తూటాలతోనే రేంజ్‌లో ఒక నిండు సిలిండర్ డబుల్ యాక్షన్‌లో కాల్చండి. మొదటి ఖాళీ కేసుకీ చివరిదానికీ రిమ్ మీద పడిన గాటు ఒకే లోతులో ఉందో లేదో చూడండి. ఏ గదిదైనా తేలిగ్గా పడితే ఇంకొకటి వెతుక్కోండి.