పాత బోటుకి డ్రెయిన్ ప్లగ్ ఇత్తడిది మంచిదా, రబ్బరుదా?

డాలస్‌లో నలుగురు ఫ్రెండ్స్ కలిసి సెకండ్‌హ్యాండ్ బోటు కొంటున్నామన్నారు కదా. డ్రెయిన్ ప్లగ్ అంటే బోటులో చేరిన నీళ్లు బయటకు పోయే కన్నానికి పెట్టే బిరడా. ఏది కావాలన్నది బోటు వెనకున్న ఆ కన్నమే చెబుతుంది. లోపల మరలుంటే బిగించేది, నున్నటి గొట్టమైతే మీట వేస్తే ఉబ్బే రబ్బరుది. మరల ప్లగ్ చాలా బోట్లకు అర అంగుళం సైజే. కొలిస్తే 21 మిల్లీమీటర్ల దాకా వస్తుంది, కంగారుపడకండి, పైపు సైజుల లెక్కే అంత. మంచినీళ్లకు ఇత్తడి చాలు. గాల్వెస్టన్ సముద్రానికి తీసుకెళ్తే మాత్రం కంచుదే పెట్టండి. ఉప్పునీళ్లలో ఇత్తడిలోని జింకు పోయి లోహం గుల్లబారుతుంది.

ఎంచుకునే వీలుంటే నా ఓటు రబ్బరుకే. నీళ్లలో ఉండగా కూడా లోపలినుంచి పెట్టొచ్చు.

కాకపోతే రబ్బరును నమ్మి వదిలేయకూడదు. లూయిస్‌విల్ లేక్‌లో మా స్నేహితుడు మీటను చిటికెనవేలితో తోశాడు, టక్కున పడిపోయింది. అంత తేలిగ్గా పడితే అది పట్టనట్టే అన్నాను, వినలేదు. కాసేపటికి పిల్లల చెప్పులు బోటులో తేలుతున్నాయి, వెనక భాగం కుంగింది, పంపు ఆగకుండా కొడుతోంది. భుజం దాకా చెయ్యి పెట్టి లాగితే ప్లగ్ ఊడి చేతికొచ్చింది. రబ్బరు గట్టిపడి బీటలు వారింది, బీటల్లో ఇసుక. అరచేత్తో కన్నం మూసుకుని కూర్చున్నాడు, నేను కొత్తది అందించాను. మీటను ముందే రెండు చుట్లు తిప్పి బిగువు పెంచితే, బొటనవేలితో బలంగా నొక్కితేగాని పడలేదు. అలా ఉండాలి.

ఇంటికొచ్చాక ప్లగ్ బిగించి వదిలేయకండి, రబ్బరు నలిగిన ఆకారంలోనే ఉండిపోతుంది. ఎలాగూ టెక్సస్‌లో 2014 నుంచి సరస్సు దగ్గర బయల్దేరేముందే బోటులో నీళ్లన్నీ తీసేయాలి. జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు ఇంకో సరస్సుకు పాకకూడదని ఆ రూలు. ఇది తెలియక బోటు దింపే ర్యాంప్ మీదే బోటు ఆపి ఫోన్లో వెతుకుతుంటారు కొందరు, వెనక పదిమంది క్యూలో ఎండలో మాడుతుంటే!

ఏటా సీజన్ ముందు కొత్తది వేయండి. పాతది బాగానే కనిపించినా సరే. ఇంత రబ్బరుముక్క ప్యాకెట్ మీద ‘మెరైన్’ అని రాసి ఆ ధరేమిటో నాకైతే అర్థం కాదు, అయినా కొనండి, రెండు కొనండి.

అసలు మీ సమస్య ప్లగ్ కాదు, నలుగురు. ‘వాడు పెట్టాడేమో’ అని ప్రతివాడూ అనుకుంటాడు. పెట్టేది, తీసేది ఒక్కరే అని ఇప్పుడే తేల్చుకుని, ఇంజిన్ తాళంచెవి కూడా అతని దగ్గరే ఉంచండి. పెట్రోలు ఎవరు పోయించాలన్నది వేరే ప్రశ్నగా అడగండి, దానికి ఇంతకంటే పెద్ద సమాధానం ఉంది నా దగ్గర.