స్టార్టర్ డబ్బా మీటరు ఒక్క ఫేజునే చూస్తుంది

ప్రశ్న: మాది చండూరు దిక్కు. బత్తాయి తోటకు 5 హెచ్‌.పి. సబ్‌మెర్సిబుల్ మోటరు నడుస్తది. డబ్బా మీద మీటరు ఎప్పటిలెక్కనే 8 ఆంపియర్లు చూపెట్టింది, అయినా మోటరు కాలింది. మీటరు ఖరాబైందా? టాంగ్ టెస్టర్ కొనమంటున్నరు. తీగ తెంపకుండ అది కరెంటు ఎట్ల కొలుస్తది?
– ఓ రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: మీటరు బాగానే ఉండి ఉంటుంది. మన స్టార్టర్లలో అది ఎక్కువగా ఒక్క ఫేజు తీగ మధ్యలోనే కలిపి ఉంటుంది, మిగతా రెండింటి సంగతి దానికి తెలియదు. ఒక ఫేజులో వోల్టేజీ నూటికి మూడు నాలుగు పాళ్లు తగ్గితే చాలు, ఆంపియర్లలో తేడా దానికి ఆరు నుంచి పది రెట్లు వస్తుంది. మీ మీటరు 8 దగ్గరే ఆగినా పక్క తీగ 11 లాగుతుండొచ్చు. మోటర్లు చుట్టే పనిలో ఇది తరచూ చూస్తుంటాను: విప్పితే ఒక ఫేజు కాయిళ్ల పూత కరిగి తీగ నల్లబడి ఉంటుంది, పక్కవి నిగనిగలాడుతుంటాయి. మీ మోటరు విప్పిన మెకానిక్కును ఈ మాటే అడగండి.

టాంగ్ టెస్టర్ తప్పక కొనండి. తీగలో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత ప్రభావం పుడుతుందని డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ 1820లో చూపించాడు. తీగ చుట్టూ పట్టే టెస్టర్ దవడలు ఇనుపవి, లోపల సన్నతీగ చుట్ట ఉంటుంది. ఏసీ కరెంటు అటూ ఇటూ మారుతుంటే ఆ చుట్టలో కొద్ది కరెంటు పుడుతుంది, దాన్నే లెక్కగట్టి అంకె చూపిస్తుంది. సోలార్ పలకల డీసీ కూడా కొలవాలనుకుంటే ఏసీ, డీసీ రెండూ కొలిచేదే అడిగి తీసుకోండి.

మూడు తీగలను కలిపి పట్టొద్దు. ఒకదాని ప్రభావాన్ని ఒకటి కొట్టేసి సున్నా దగ్గర చూపిస్తుంది. ఒక్కో తీగను విడిగా, పూత ఉన్న చోట, పొడి చేతులతో పట్టి మూడు అంకెలూ డబ్బా మూత లోపల రాసిపెట్టండి. ఏ రెండింటి మధ్యైనా ఒక ఆంపియరుకు మించి తేడా వస్తే మోటరు ఆపి లైన్‌మన్‌ను పిలవండి. మామూలు ఆంపియర్ మీటరును మాత్రం ఎన్నడూ రెండు ఫేజుల మధ్య తగిలించకండి. దానిలో అడ్డు దాదాపు ఉండదు, షార్టవుతుంది.

ఎండాకాలంలో ఇంకో పని. మూడు అంకెలూ కలిసి దిగి, ఊగుతూ ఉంటే ఫేజులది తప్పు కాదు, బోరులో నీళ్లు తగ్గి పంపు గాలి పీలుస్తున్నది. అప్పుడు మోటరు ఆపి, నీళ్లు ఊరినంకనే మళ్లీ వేయండి.